నీళ్ల లెక్కలో పది టన్నులు

పెర్సిదా గాయిన్ మా నూనె మిల్లులో ఇరవై మూడేళ్లు లెక్కలు కట్టింది, ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదు. పెట్టే హక్కు లేదు. మా సాంకేతిక విభాగంలో ప్రతి లెక్క కాగితం కింద మూడు గీతలుండేవి: లెక్కించినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి గీత మీద సంతకం చేయాలంటే డిప్లొమా కావాలి. పెర్సిదా చదువు సాంకేతిక పాఠశాల రెండో ఏటితో ఆగిపోయింది. తల్లికి జబ్బు చేసిందని ఇంటికి పిలిపించారు, మళ్లీ పంపలేదు. అందుకని లెక్క ఆవిడది, సంతకం ఎవరో ఒక ఇంజినీరుది. ఇంజినీర్లు వచ్చేవాళ్లు, రెండు మూడేళ్లుండి నోవీ సాద్, బెల్‌గ్రేడ్ లాంటి పెద్ద ఊళ్లకి పోయేవాళ్లు. ఆవిడ మాత్రం అదే కిటికీ దగ్గర, అదే బల్ల ముందు కూర్చునేది.

నాది పక్క బల్ల. నా పేరు ఎటెల్కా, టైపిస్టుని. ఆవిడ పెన్సిల్‌తో రాసిచ్చిన కాగితాల్ని నేను టైపు కొట్టి, మొదటి గీత మీద ఆ ఏడాది ఎవరుంటే వాళ్ల పేరు వేసేదాన్ని. పదకొండు మంది పేర్లు వేశాను. వాళ్లలో నలుగురికి లెక్కలు కట్టే స్లైడ్ రూల్‌ని ఏ పక్కనుంచి చదవాలో కూడా సరిగా తెలియదని నేను ఒట్టేసి చెప్పగలను. పెర్సిదా ఎప్పుడూ ఆ మాట అనలేదు. అన్నది నేనే, అదీ వాళ్లు వెళ్లిపోయాక.

మనిషి పొడుగు, బిగించి అల్లిన జడ, మెడదాకా బొత్తాలు. లెక్క మధ్యలో ఉండగా పలకరిస్తే వేలు పైకెత్తేది, ఆగమని. లెక్క అయ్యాకే మాట. ఒకసారి నాకు కళ్లు తిరుగుతున్నాయని చెప్పినా వేలే ఎత్తింది. నాకు మండింది. తర్వాత తనే నీళ్లు తెచ్చి, కిటికీ తీసి, సాయంత్రం ఇంటిదాకా దిగబెట్టింది. భర్త తోషా మంగలి. మా పెళ్లాం నా తల మీద మిగిలిన వెంట్రుకలు కూడా లెక్కపెట్టి సరిచూస్తుందని దుకాణంలో అందరికీ చెప్పేవాడు.

ఎనభయ్యో సంవత్సరం వేసవిలో పైనుంచి ఆర్డరు వచ్చింది. కొత్త సంవత్సరం నుంచి ఏ కాగితం మీదా వేడి కొలతగా కిలోక్యాలరీ అన్న మాట కనపడకూడదు, అంతా కిలోజౌల్సే. మా మిల్లులో వేడికి సంబంధించిన కార్డులు మూడు వందల పన్నెండు. ఏ ట్యాంకుని ఎన్ని డిగ్రీలు వేడి చేయడానికి ఎంత ఆవిరి కావాలి, ఏ గింజని ఎంత వెచ్చబెట్టాలి, అన్నీ వాటిలోనే. ముప్పై ఏళ్లుగా వాటిని రాసింది బాయిలర్ మేస్త్రీ శాందోర్ బాబాయ్. ఇంజినీర్లు ఆ కట్టని చూసి ఎవరికి వాళ్లు సెలవు పెట్టే దారి వెతుక్కున్నారు. పెర్సిదా తను చేస్తానంది.

డైరెక్టర్ రాదివోయ్‌కి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ ఉత్సాహంలో ఒక మాటిచ్చాడు. కొత్త కార్డులతో చేసే మొదటి పని సరిగా వస్తే, మిల్లు నిర్ణయాలన్నీ చేసే వర్కర్స్ కౌన్సిల్‌లో తనే ప్రతిపాదన పెట్టి, డిప్లొమా లేకపోయినా లెక్కించినవారి గీత మీద పెర్సిదా సంతకానికి అనుమతి ఇప్పిస్తానన్నాడు. ఆ రోజు పెర్సిదా మామూలుగానే బల్ల దగ్గరకొచ్చి కూర్చుంది. కాసేపయ్యాక చూస్తే, వాడేసిన కాగితం వెనక తన పేరు రాసి చూసుకుంటోంది. ఒకసారి నిలువుగా, ఒకసారి వాలుగా. నేను చూశానని తెలిసి కాగితం మడిచేసింది.

పని గురించి రెండు మాటలు చెప్పాలి. ఒక కిలో సరుకుని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో దాన్ని పుస్తకాల్లో విశిష్టోష్ణం అంటారు. మా మిల్లులో ఆకలి అనేవాళ్లు. పాత కొలతలో నీళ్ల ఆకలి ఒకటి. నూనెది అర. ఇనుముది ఒకటిలో తొమ్మిదో వంతు. కొత్త కొలతలోకి రావాలంటే ప్రతి ఆకలినీ నాలుగు పాయింటు ఒకటి ఎనిమిది ఆరు ఎనిమిదితో గుణించాలి. ఇంతే. ఆ అంకె మా ఆఫీసులో అందరి నోళ్లలోనూ నానింది. నిన్న మా ఇంట్లో సూపులో ఉప్పు సరిగ్గా నాలుగు పాయింటు ఒకటి ఎనిమిది ఆరు ఎనిమిది రెట్లు పడిందని తోషా ఊరంతా చాటాడు.

ఇంతేనా అంటే, ఇంతే కాదు. నీళ్ల కార్డుల మీద ఆకలి అంకె ఉండదు. ఒకటితో గుణిస్తే మారేదేముంది, అందుకని శాందోర్ బాబాయ్ దాన్ని రాసేవాడే కాదు. ఇన్ని కిలోలు, ఇన్ని డిగ్రీలు, గుణించు, ఇన్ని కిలోక్యాలరీలు. మార్చడానికి కూర్చున్నవాళ్లు కార్డు మీద కనపడే అంకెల్ని మారుస్తారు. కనపడని ఒకటిని ఎవరు మారుస్తారు? అది నాలుగు పాయింటు పందొమ్మిది కావాలి. కాకపోతే కావలసిన వేడిలో నాలుగో వంతు కూడా కాగితం మీదకి రాదు. పెర్సిదా ముందు నీళ్ల కార్డులన్నీ వేరుచేసి, తొంభై ఆరింటి మీదా ఎర్ర పెన్సిల్‌తో ఒకటి వేసి, ఆ తర్వాతే మార్చడం మొదలుపెట్టింది. ఆవిడ గొప్ప చెప్పుకోగా నేను విన్నది ఆ ఒక్కసారే. పక్క ఊరి పంచదార మిల్లువాళ్లకి ఈ ఒకటి సంగతి తట్టి ఉండదు చూడు, అంది.

నవంబరు సమావేశంలో డైరెక్టర్‌కి కొత్త అనుమానం వచ్చింది. కొత్త పద్ధతిలో డిగ్రీ పోయి కెల్విన్ వచ్చిందని ఎక్కడో చదివాడు. కెల్విన్ కావాలంటే రెండు వందల డెబ్భై మూడు కలపాలి, మరి పెర్సిదా కార్డుల్లో ఎక్కడా కలపలేదేమిటని అందరి ముందూ అడిగాడు. కౌన్సిల్ సభ్యులు మూతులు బిగించి ఆవిడ వైపు చూశారు.

"కామ్రేడ్ డైరెక్టర్, మీరుండేది మూడో అంతస్తులో కదా. అక్కణ్నుంచి నాలుగో అంతస్తుకి ఎన్ని మెట్లు?"

"పద్దెనిమిది."

"నేలమాళిగ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఆ పద్దెనిమిదీ పెరుగుతాయా?"

డైరెక్టర్ ఆలోచించి, పెరగవన్నాడు. ఎక్కే డిగ్రీలూ అంతే, ఎక్కణ్నుంచి లెక్కపెట్టినా మారవంది పెర్సిదా. కొత్త ఇంజినీరు వెలిజార్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కుర్రాడు మంచివాడు, ఇరవై ఏడేళ్లు, మా పన్నెండోవాడు. తనకి రానిది రాదని ఒప్పుకునేవాడు. మిగతా పదకొండు మందిలో లేని గుణం అది.

నూనె కార్డుల దగ్గరకొచ్చాక పెర్సిదా చేయి ఒక చోట ఆగింది. ముడి నూనె ట్యాంకు కార్డు. ఆ ట్యాంకుని ఆఫీసులో అందరూ పది టన్నుల ట్యాంకంటారు, కార్డు మీదా పది టన్నులనే ఉంది. చలికాలంలో నూనె చిక్కబడి పంపుకి ఎక్కదు. అందుకని ఒక్క షిఫ్టులో దాన్ని పది డిగ్రీల నుంచి అరవైకి తేవాలి. కార్డులో పది వేల కిలోలు, యాభై డిగ్రీలు, ఐదు లక్షల కిలోక్యాలరీలు అని ఉంది. ఆకలి అంకె లేదు. నీళ్లయితే సరే. ఇది నూనె, అర ఉండాలి. అప్పుడు రెండున్నర లక్షలే రావాలి.

ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకుంది.

"ఎటెల్కా, బాబాయ్ ఇక్కడ అర వేయడం మర్చిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఆ ట్యాంకుకి రెండింతలు ఆవిరి పోస్తున్నారు."

"వెళ్లి అడుగు."

"ఏమని అడగను? వచ్చే వసంతంలో రిటైరవుతున్నాడు. వెళ్లే ముందు ఆయన తప్పు ఆయన మొహం మీద పెట్టాలా? నేను సరిచేసేస్తాలే, ఎవరికీ చెప్పకు."

సరిచేసేసింది. పది వేల కిలోలు, రెండు పాయింటు సున్నా తొమ్మిది, యాభై డిగ్రీలు. ఆ అంకె మీదే కొత్త హీటరుకి ఆర్డరు వెళ్లింది, ఎందుకంటే ట్యాంకులోని పాత ఆవిరి గొట్టాల చుట్ట తుప్పు పట్టి చిల్లులు పడింది. కొత్త కార్డులతో చేసిన మొదటి పని అదే. ఆర్డరు కాగితం మీద లెక్కించినవారి గీత ఖాళీగా వదిలాం. హీటరు పరీక్ష అయ్యాక కౌన్సిల్ అనుమతిస్తుంది, అప్పుడు ఆవిడే సంతకం పెడుతుందని వెలిజార్ అన్నాడు. నాకు ఆ మాట ఎంత బాగుందో చెప్పలేను.

జనవరి చివర్లో హీటరు బిగించారు. ఉదయం షిఫ్టులో ఆవిరి వదిలారు. పెర్సిదా ఆఫీసులోనే ఉంది, వెలిజార్ గంటకోసారి ఫోను చేసి డిగ్రీలు చెబుతున్నాడు. పదకొండు గంటలకి ఇరవై రెండు. రెండింటికి ముప్పై రెండు దాటలేదు. షిఫ్టు అయిపోయేసరికి ముప్పై ఐదు. అంతే. శుద్ధి విభాగం వాళ్లు అరవై డిగ్రీల నూనె కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారు.

డైరెక్టర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. హీటరు చేసింది స్లొవేనియాలో ఒక ఫ్యాక్టరీ. వాళ్లు సగం సరుకు పెట్టి మోసం చేశారని, వెంటనే ఫిర్యాదు ఉత్తరం కొట్టమని నన్ను పురమాయించాడు. నేను సంతోషంగా కొట్టాను. దూరాన ఎవరో తప్పు చేశారంటే నమ్మడం ఎంత తేలికో అప్పుడు తెలియలేదు. లెక్క కాగితం జతచేసి మర్నాడు పంపాలి.

పెర్సిదా కాగితం అంచున అంకెలు వేసింది. పదికి ఇరవై ఐదు కలిస్తే ముప్పై ఐదు. కలవాల్సింది యాభై. సరిగ్గా సగం. వాయిదా వేసిన పని గుర్తొచ్చినదానిలా లేచి, కోటు తొడుక్కుని, నా బల్ల సొరుగులోంచి కుట్టుపని టేపు తీసుకుంది. నేనూ వెంటపడ్డాను. ఆఫీసు ఆడవాళ్లం యార్డులోకి వెళ్లేది మే డే ఊరేగింపుకే. మంచు గడ్డకట్టి ఉంది, ఆవిడ కాళ్లకి పల్చటి ఆఫీసు చెప్పులు. ట్యాంకు చుట్టూ టేపు పట్టమంది. ఒకటిన్నర మీటరు టేపుతో ఆరుసార్లు పట్టాం. చుట్టుకొలత ఎనిమిది మీటర్ల పదిహేడు. ఎత్తు కోసం నిచ్చెన ఎక్కింది. నాలుగు మీటర్ల పది. కింద పంపు దగ్గరున్నవాళ్లు మమ్మల్ని చూసి, దానికి గౌను కుడుతున్నారా అని వేళాకోళమాడారు. ఆవిడ నిచ్చెన మీద నుంచే వేలు ఎత్తింది.

దిగి చీటీ మీద గుణించింది. ఇరవై టన్నులు, అంది.

బాయిలర్ గదిలో శాందోర్ బాబాయ్ బ్రెడ్డు మీద మిరపపొడి చల్లిన కొవ్వు రాసుకుని తింటున్నాడు. ఆవిడ ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, ముడి నూనె ట్యాంకులో ఎంత పడుతుంది?"

"పది."

"నేను కొలిచొచ్చాను. ఇరవై పడుతుంది."

"నూనయితే ఇరవై. నీళ్ల లెక్కలో పది."

ఆయన తినడం ఆపకుండానే మొత్తం చెప్పాడు. ఆయనకి పని నేర్పిన మేస్త్రీ, పాత రోజుల మనిషి, అన్నిటినీ ముందు నీళ్లలోకి మార్చి రాసుకోమనేవాడట. ఇరవై టన్నుల నూనె తినే వేడి పది టన్నుల నీళ్లు తినేంత. కాబట్టి పది అని రాయి. తొమ్మిది టన్నుల ఇనుప గొట్టాలు, ఒక టన్ను అని రాయి. ఆ తర్వాత ఇక ఏ ఆకలీ గుర్తుంచుకోనక్కర్లేదు, డిగ్రీలతో గుణించుకుంటూ పోవడమే. యార్డువాళ్లకి ట్యాంకులో ఎంత పడుతుందో తెలుసు. ఆఫీసువాళ్లకి కార్డులో ఎంత రాసుందో తెలుసు. ఈ రెండు వర్గాలూ కూర్చుని కలిసి కాఫీ తాగిన పాపాన పోలేదు.

"మరి కార్డు మీద ఎక్కడా రాయలేదేం బాబాయ్, నీళ్ల లెక్క అని?"

"ఎవరి కోసం రాయాలమ్మాయ్? చదివేది నేనొక్కడినేగా. నన్నడిగితే చెప్పేవాణ్ని."

ఆయన అప్పటికే అర వేసి పెట్టినదానికి ఆవిడ మళ్లీ అర వేసింది. పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడని మొహమాటపడి, ఆయన చేయని తప్పుని చాటుగా సరిదిద్దింది. తిరిగొస్తూ దారిలో ఒక్క మాటే అంది, అడగాల్సింది అని. నేను, నువ్వు ఆయన మంచికే కదా చేశావన్నాను. ఆవిడ టేపు చుట్టచుట్టి నా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గదిలో నలుగురమున్నాం. ఫిర్యాదు ఉత్తరం బల్ల మీద ఉంది, డైరెక్టర్ చేతిలో కలం ఉంది.

"కామ్రేడ్ డైరెక్టర్, అది పంపకండి. హీటరు బాగానే ఉంది," అంది పెర్సిదా.

"సగమే ఇస్తోంది కదా."

"మనం సగమే అడిగాం."

కాగితం పరిచి, ఇరవై టన్నుల లెక్క చూపించింది. శాందోర్ బాబాయ్ పేరు ఎత్తలేదు. కార్డులో ఉన్నది నీటి బరువని, తను దాన్ని నూనె బరువనుకున్నానని, ట్యాంకు చూడకుండా లెక్క కట్టానని చెప్పింది. ఆయన కార్డు మీద వివరం రాయకపోవడం కూడా తప్పే కదా అని నాకు నోటిదాకా వచ్చింది. ఆవిడ నా వైపు చూసిన చూపుకి మింగేశాను.

డైరెక్టర్ కలం కింద పెట్టాడు. తర్వాత, ఈ తప్పు కాగితం మీదకి ఎక్కక తప్పదన్నాడు. రెండో హీటరు కొనాలంటే మొదటి లెక్క ఎందుకు తప్పిందో కౌన్సిల్‌కి చూపించాలి, ఖాళీ గీతతో చూపించలేం, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. అంటూ వెలిజార్ వైపు చూశాడు. వెలిజార్‌కి అర్థమైంది. జేబులోంచి కలం తీశాడు.

"నేను పెడతాను పెర్సక్కా. ఇంజినీరుని నేనే కదా. నాకు నాలుగు చీవాట్లు పడతాయి, వచ్చే ఏడాదికి ఎవరికీ గుర్తుండదు. నీ పేరు పడిందంటే మాత్రం కౌన్సిల్ నీకిక ఎప్పటికీ అనుమతివ్వదు."

అతను నిజంగానే అన్నాడు, గొప్పకి కాదు. డైరెక్టర్ కూడా తలూపాడు. ఆవిడ ఒప్పుకుంటే అక్కడితో అయిపోయేది. ఫిబ్రవరిలో కాకపోతే మరుసటేడు, ఇంకో పని మీద, ఆవిడకి అనుమతి వచ్చేది. నేను మనసులో ఒప్పుకో, ఒప్పుకో అనుకుంటున్నాను.

పెర్సిదా కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఇరవై మూడేళ్లు సరైనవన్నీ మీ పేర్ల మీద పోయాయి నాయనా. ఈ తప్పు నాది. నీకెలా ఇస్తాను?"

సంతకం పెట్టింది. పెర్సిదా గాయిన్, నిలువు అక్షరాలు. దాని కింద తన చేత్తోనే రెండు వరుసలు రాసింది: పాత కార్డులో ఉన్న పది టన్నులు నీటి బరువు, ట్యాంకులోని నూనె బరువు ఇరవై టన్నులు, మిగతా కార్డులన్నీ ఇదే విషయంలో తిరిగి చూడవలెను. డైరెక్టర్ నీరసంగా, మీకు సంతకం పెట్టే హక్కు లేదు కామ్రేడ్ పెర్సిదా అన్నాడు. తెలుసు కామ్రేడ్ డైరెక్టర్, అని ఆవిడ కలానికి మూత పెట్టింది.

తర్వాత మూడు వారాలు శాందోర్ బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కార్డూ అడిగింది. నీళ్ల లెక్కలో రాసినవి నలభై ఒకటి తేలాయి. అన్నీ సరిచేసింది. ఆ కార్డుల మీద కౌన్సిల్ చివరిదాకా ఒక్క తప్పూ పట్టలేకపోయింది. బాబాయ్‌కి ఏప్రిల్‌లో పూలగుత్తీ గోడగడియారమూ ఇచ్చి సాగనంపారు. హీటరు తప్పులో తన కార్డుకి భాగముందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి చివర కౌన్సిల్ నిర్ణయం వచ్చింది. చేత్తో రాసిన చిత్తు నా బల్ల మీద పడేశారు, టైపు కొట్టమని. మూడు వందల పన్నెండు కార్డుల మార్పిడిలో కామ్రేడ్ గాయిన్ కృషిని కౌన్సిల్ గుర్తిస్తున్నది, అయితే హీటరు విషయంలో జరిగిన పొరపాటు దృష్ట్యా, తగిన డిప్లొమా లేనందున, సంతకపు అనుమతి ప్రతిపాదనను తిరస్కరిస్తున్నది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లయినా అది తలచుకుంటే ఇప్పటికీ మండుతుంది. ఎవరి పేరు మీద తోసేసినా చెల్లే చోట తన పేరు రాసుకున్న మనిషికి, ఆ పేరే పనికిరాదని పక్క బల్ల ముందు కూర్చుని నేను టైపు కొట్టాను.

కొట్టి, నియమం ప్రకారం ఆవిడకే ఇచ్చాను, చదివి తీసుకున్నట్టు ఒప్పుకోవాలి కనక. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏదైనా అంటుందేమో అనుకున్నాను. మొదటినుంచి చివరిదాకా చదివింది, పెన్సిల్ కొనతో వరుస వరుసకీ ఆగుతూ, మరొకరి లెక్క సరిచూసేటప్పుడు చదివినట్టే. రెండో వరుసలో పెన్సిల్ ఆగింది.

"ఎటెల్కా, మూడు వందల పన్నెండు బదులు రెండు వందల పన్నెండు పడింది. మళ్లీ కొట్టు."

కొత్త కాగితం ఎక్కించాను. కళ్లు మసకలై అక్షరాలు కనపడక, దాన్నీ ఒకసారి పాడుచేసి మూడోసారి కొట్టాల్సి వచ్చింది. ఆవిడ పక్కనే నిలబడి, అయ్యేదాకా వేచి ఉంది.